అద్దానికి సూపర్ గ్లూ పెట్టమనకండి

సంపాదకులకు నమస్కారం.

పోయిన నెల మీ ఆదివారం అనుబంధంలో సెలవుల్లో పిల్లలు చేసుకునే పనుల కింద ముక్కలు అంటించి బొమ్మ కారు కట్టుకునే ప్లాస్టిక్ కిట్ల గురించి అరపేజీ వేశారు. ఆ సంగతి పత్రికకెక్కడమే నాకు పండగ. దాచుకుందామని కత్తెర కూడా తీశాను. మూడో పేరాకు వచ్చేసరికి కత్తెర పక్కన పడేశాను. అయినా అప్పుడు రాయలేదు, పోనీలే అనుకున్నాను. ఈ వారం మా అక్క మనవడు ఒక అట్టపెట్టె చంకన పెట్టుకుని మా ఇంటికొచ్చాడు. అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

వాడికి 14 ఏళ్లు. పెట్టెలో వాడి మొదటి కారు, 1/24 స్కేలు, అంటే నిజం కారులో 24వ వంతు. మీరు చెప్పినట్టే అన్ని భాగాలూ సూపర్ గ్లూతో అంటించాడు. రాత్రి అద్దాలు బిగించి, బాడీని ఛాసిస్ మీద, అంటే అడుగు చట్రం మీద కూర్చోబెట్టి పడుకున్నాడు. పొద్దున చూస్తే ముందు అద్దానికి లోపలి వైపు బూజు పట్టినట్టు తెల్లటి పొర. “చిన్నమ్మమ్మా, ఎంత తుడిచినా పోవట్లేదు” అన్నాడు. పోదు మరి.

సూపర్ గ్లూ అంటే సయనోఅక్రిలేట్. తేమ తగిలితే గట్టిపడే సరుకు. అది ఆరేటప్పుడు ఆవిరి లేచి దగ్గర్లో ఉన్న నున్నటి తలం మీద వాలుతుంది, అక్కడే తెల్లగా గట్టిపడుతుంది. నాలుగు వైపులా మూసేసిన కారులో ఆ ఆవిరికి వేరే దారేది? నేరం జరిగిన చోట దొరికిన వస్తువుల మీద వేలిముద్రలు తేల్చడానికి పోలీసులు చేసే పనీ ఇదే. వస్తువును మూసిన పెట్టెలో ఉంచి ఈ ఆవిరి పట్టిస్తే, కంటికి కనబడని ముద్ర తెల్లగా పైకి తేలుతుంది. మా వాడి అద్దం మీద కూడా స్టీరింగు వైపు మూలన వాడి బొటనవేలి ముద్ర గీతలు లెక్కపెట్టేంత స్పష్టంగా తేలింది. దొంగ దొరికాడురా అన్నాను. వాడు నవ్వలేదు.

నేనెవరినో చెప్పాలి కదా. 31 ఏళ్లు కట్టుడు పళ్ల ల్యాబ్‌లో పనిచేసి రిటైరయ్యాను. మైనం, అక్రిలిక్, ప్యూమిస్ పొడి, మెరుగు పెట్టే చక్రం, వీటి మధ్యే బతికాను. కారు కిట్లు కట్టడం మొదలుపెట్టి ఇరవై ఏళ్లయింది. పూర్తయినవి 23. పాడు చేసినవాటి లెక్క మాత్రం అడక్కండి.

జిగురు సంగతి ముందు ముగిస్తాను. కిట్లలో భాగాలు పాలిస్టైరీన్ అనే ప్లాస్టిక్‌తో పోస్తారు. దాన్ని నిజానికి అంటించం, కరిగించి కలిపేస్తాం. పల్చటి ప్లాస్టిక్ సిమెంట్ చిన్న సీసాల్లో, మూతకే కుంచెతో వస్తుంది. అందులో ఉండేవి అసిటోన్, బ్యూటైల్ అసిటేట్ లాంటి ద్రావకాలు. రెండు ముక్కలూ పొడిగానే దగ్గరకు చేర్చి పట్టుకుని, అతుకు మీద కుంచె మొన ఒక్కచోట తాకించండి. ద్రావకం దీపం వత్తి నూనె పీల్చినట్టు అతుకంతా దానంతట అదే పాకుతుంది. రెండు అంచులూ మెత్తబడి ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. ద్రావకం ఎగిరిపోయాక మిగిలేది ఒకే ముక్క. ఒక్క జాగ్రత్త, వేళ్లు అతుకు మీద ఉండకూడదు. ద్రావకం వేలి కిందికీ పాకుతుంది. నా రెండో కారు పైకప్పు మీద నా చూపుడువేలు ముద్ర ఇప్పటికీ అచ్చేసినట్టు ఉంది. రంగు వేస్తే కనబడదులే అనుకున్నాను, రంగేశాక ఇంకా బాగా కనబడింది.

అద్దాలకు ఈ ద్రావకం కూడా పనికిరాదు, పారదర్శకమైన ప్లాస్టిక్‌ను నిమిషంలో పగుళ్లు పట్టిస్తుంది. అక్కడ కావాల్సింది బళ్లో పిల్లలు కాగితాలకు వాడే తెల్ల జిగురు. ఆరితే కనబడదు. ఎక్కువైతే తడిగుడ్డతో తుడిచేయొచ్చు. ఇంత సులువైనది ఉండగా మీ శీర్షికలో దాని ఊసే లేదు. సూపర్ గ్లూ వద్దే వద్దని నేననడం లేదు. ఎచ్చింగ్ చేసిన, అంటే ఆసిడ్‌తో కొరికించి తీసిన సన్నటి ఇత్తడి భాగాలకూ రెజిన్ ముక్కలకూ అదే గతి, వాటిని ప్లాస్టిక్ సిమెంట్ కరిగించలేదు. సొట్టలు పూడ్చడానికీ వాడతాను. కాకపోతే పూసిన కాసేపట్లోనే అరగదీయాలి. రాత్రంతా వదిలేస్తే చుట్టూ ఉన్న ప్లాస్టిక్ కన్నా గట్టిపడి కూర్చుంటుంది. ప్లాస్టిక్ అరుగుతుంది, అది మాత్రం మిట్టలాగే మిగులుతుంది.

ఇక “ఒక మందపాటి కోటు వేస్తే చాలు, సాయంత్రానికి కారు సిద్ధం” అన్న మాట. ఇది నాకు అస్సలు మింగుడుపడలేదు.

నిజం కారు మీద ఫ్యాక్టరీ రంగు పొరలన్నీ కలిపి మిల్లీమీటరులో పదో వంతు ఉంటాయి. దాన్ని 24తో భాగించండి, నాలుగు మైక్రాన్లు వస్తుంది, మైక్రానంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. అంత పల్చగా మనం వేయలేం, వేయక్కర్లేదు కూడా. కానీ మనం అదే పదో వంతు మిల్లీమీటరు రంగును బొమ్మ మీద వేశామనుకోండి, ఆ కొలతలో అది రెండున్నర మిల్లీమీటర్ల మందం! కారుకు దుప్పటి కప్పినట్టు. తలుపు సందుల లెక్కా ఇంతే. నిజం కారులో తలుపు పక్క సందు సుమారు నాలుగు మిల్లీమీటర్లు, 1/24లో అది మిల్లీమీటరులో ఆరో వంతు. మందపాటి కోటు ఒక్కటి పడితే తలుపు గీతలు పూడిపోతాయి. కారు సబ్బుబిళ్ల అవుతుంది. అందుకే రంగు కింద వేసే ప్రైమర్ పొర వేయకముందే కత్తి మొన వెనక వైపుతో ఆ గీతలను మెల్లగా లోతు చేసుకోవాలి. వెడల్పు చేయకూడదు. మొదటి రెండు గీతలకు చెయ్యి అదుపులో ఉండదు. బంపరు కింద ఎక్కడో కనబడనిచోట మొదలుపెట్టడం మేలు.

అచ్చు గీతల గురించి కూడా మీ వ్యాసకర్త రాయలేదు. బాడీని పోసే అచ్చు చాలా ముక్కలుగా ఉంటుంది. ఆ ముక్కలు కలిసేచోట సన్నటి మిట్టగీత పడుతుంది. ముందు మడ్‌గార్డు వీపు మీదుగా వెళ్లి వెనక కిటికీ స్తంభం పక్కన దిగుతుంది, చాలా కిట్లలో దాని దారి ఇదే. తెల్ల ప్లాస్టిక్ మీద కంటికి ఆనదు. బాడీని దీపం కింద ఏటవాలుగా తిప్పి, గోటి మొనతో తడిమితే దొరుకుతుంది. కత్తిని నిలువుగా పట్టి గీకి, 600 నంబరు ఎమరీ కాగితంతోనూ ఆ తర్వాత 1000తోనూ నీళ్లతో రుద్దాలి. తర్వాత గిన్నెలు తోమే సబ్బు నీళ్లలో గోరువెచ్చగా కడగాలి, అచ్చులోంచి ముక్క ఊడి రావడానికి పూసిన నూనె మిగిలుంటే రంగు పట్టదు. వేణ్ణీళ్లు మాత్రం వద్దు. పాలిస్టైరీన్ 100 డిగ్రీల దగ్గర్లో మెత్తబడుతుంది, సన్నటి కిటికీ స్తంభాలు అంతకన్నా ముందే వంకర పోతాయి.

ప్రైమర్‌ను చాలామంది రంగు పట్టడానికి వేస్తారు. నేను తప్పులు చూపించడానికి వేస్తాను. బూడిదరంగు పొర పడగానే దాక్కున్న గీకుళ్లు, కుంగిన లప్పం అన్నీ బయటపడతాయి. దిద్ది మళ్లీ వేయాలి. మూడుసార్లు వేసిన రోజులున్నాయి. మా ల్యాబ్‌లో కూడా పోతపోసిన పంటిని మొదటిసారి మెరుగు చక్రానికి ఆనించాకే లోపలి బొరియలు కనబడేవి.

ఎర్ర ప్లాస్టిక్‌లో పోసిన బాడీ మీద తెల్ల రంగు వేద్దామనుకునేవారు నా అనుభవం వినండి. ప్రైమర్ పల్చగా కొట్టి, తెలుపు వేశాను. మల్లెపువ్వులా వచ్చింది. మూడో రోజుకు గులాబీ అయింది. ప్లాస్టిక్‌లోని ఎరుపు రంగు ద్రావకంలో కరిగి పొరల్లోంచి పైకి ఊరింది. ఇంకో రెండు కోట్లు వేశాను, అవీ గులాబీ అయ్యాయి. అలాంటప్పుడు ముందు వెండిరంగు కోటు ఒకటి అడ్డుగా వేసి దాని మీద ప్రైమర్ వేయాలని ఆ కారు పోగొట్టుకున్నాకే తెలిసింది. అదే గులాబీ ఎరుపు కారుకైతే కింది పొరగా బాగా పనికొస్తుంది. ఎరుపు వేసేముందు గులాబీ ప్రైమర్ వేస్తే ఎరుపు నిండుగా వస్తుంది, బూడిద మీద వేస్తే ఇటుకలా మడ్డిగా కనిపిస్తుంది.

రంగులు మూడు జాతులు: లాకర్, ఎనామిల్, నీళ్లతో కలిపే అక్రిలిక్. లాకర్ మీద ఎనామిల్ వేయొచ్చు. ఎనామిల్ మీద లాకర్ వేస్తే దాని ఘాటైన థిన్నర్ కింది పొరను పైకి లేపేస్తుంది, కాచిన పాల మీద మీగడలా ముడతలు పడుతుంది. మీ శీర్షికలో ఏ స్ప్రే డబ్బా అయినా పరవాలేదన్నారు. పరవా ఉంది. కొత్త డబ్బా తెచ్చినప్పుడల్లా నేను ముందు ప్లాస్టిక్ చెంచా వీపు మీద ప్రైమరు, రంగు, పైన మెరుపు కోసం వేసే రంగులేని క్లియరు అదే వరసలో వేసి చూస్తాను. నా దగ్గర రంగురంగుల చెంచాలు ఒక డబ్బాడు ఉన్నాయి. మా ఇంట్లోవాళ్లు వాటిని చూసి నాకు మతి పోయిందనుకుంటారు.

డబ్బాను గోరువెచ్చని నీళ్లలో పది నిమిషాలు నిలబెడితే రంగు సన్నటి తుంపరగా పడుతుంది. నిప్పు దగ్గర, పొయ్యి మీద పెట్టకూడదని వేరే చెప్పాలా? చెప్పాలి, పిల్లలు చదివే పేజీ అది. ముందు పొడిపొడిగా ఒక తుంపర, పావుగంట ఆగి ఇంకొకటి, ఆ తర్వాతే తడి కోటు. వాన ముసురులో లాకర్ వేయకండి. ద్రావకం ఎగిరేటప్పుడు తలం చల్లబడి గాలిలోని తేమను రంగులోకి లాక్కుంటుంది. నల్ల కారు మీద బూడిద పూసినట్టు తెల్లబడుతుంది.

ఆరిందో లేదో వేలితో తాకి చూడమన్నారు. అయ్యా, వేలు పెట్టిన క్షణమే ఆ కోటు పోయింది. ముక్కుతో చూడాలి. బాడీని ముక్కు దగ్గర పెట్టుకుంటే ద్రావకం వాసన వస్తోందంటే ఇంకా ఆరలేదన్నట్టే. లాకర్‌కు నేను వారం ఇస్తాను, ఎనామిల్‌కు నెల. ఆ నెలలో ఇంజన్ కట్టుకోవచ్చు. ప్లగ్గు తీగ నిజంగా 8 మిల్లీమీటర్లుంటే ఇక్కడ మిల్లీమీటరులో మూడో వంతు కాబట్టి 0.3 మి.మీ. తీగ సరిపోతుంది. షెవ్రొలే చిన్న వీ8 ఇంజన్‌లో సిలిండర్లు మండే వరస 1-8-4-3-6-5-7-2. ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ నుంచి ఆ వరసలోనే తీగలు లాగుతాను. బానెట్ దించాక ఎవరికీ కనబడదు. నాకు తెలుసు కదా.

మెరుగు దగ్గర మాత్రం నాకు కొంచెం గర్వం ఉంది, క్షమించాలి. రంగు ఆరాక నారింజ తొక్కలా గుంతలు గుంతలుగా ఉంటుంది. 3000 నుంచి మొదలుపెట్టి 4000, 6000, 8000, 12000 దాకా మెత్తటి గుడ్డ ఎమరీలతో నీళ్లు పోస్తూ రుద్దాలి. నాకు పని నేర్పిన పెద్దాయన, మెరుగంటే గీతలు లేకపోవడం కాదు, కంటికి ఆనని గీతలు అనేవాడు. ముందు కాగితం గీసిన గీత పూర్తిగా పోయేదాకా తర్వాతి కాగితం పట్టనిచ్చేవాడు కాదు. కారులోనూ అంతే. తొందరపడి 4000 దాటేస్తే ఆ గీతలు 12000 దగ్గర వెక్కిరిస్తాయి. మిట్టలు, తలుపు అంచులు, బానెట్ మధ్య మడత, ఇవి ముందు అరిగిపోతాయి. వాటి మీద సన్నటి మాస్కింగ్ టేపు వేసి మిగతాది రుద్ది, చివర్లో టేపు తీసి రెండంటే రెండు తుడుపులు తుడుస్తాను. అప్పుడు పైన వేలాడే దీపం బానెట్‌లో కనబడుతుంది. బల్బు చుట్టూ అంచు వంకర పోకుండా కనబడితే పని అయినట్టు.

ఇప్పుడు అసలు విషయం. ఇంత కష్టం లేకుండా మెరుపు రావాలంటే రెండు భాగాలు కలిపే యూరిథేన్ క్లియర్ కొట్టమన్నారు. మంచిదే, గాజులా వస్తుంది. దుమ్ము పడకుండా తలుపులు, కిటికీలు మూసుకుని కొట్టమన్నారే, అది మాత్రం ప్రమాదం. గట్టిపరిచే రెండో భాగంలో ఉండేవి ఐసోసైనేట్లు. ఆ తుంపర పీల్చినవారికి ఉబ్బసం పట్టుకోవచ్చు. ఒకసారి ఒంటికి సరిపడకుండా పోతే తర్వాత కొంచెం తగిలినా ఊపిరాడదు. గుడ్డ మాస్కు, కాగితం మాస్కు దాన్ని ఆపలేవు. వాసన వస్తే బయటకు పోదాంలే అనుకోవడానికీ లేదు, ముక్కుకు తెలిసేసరికే హద్దు దాటిపోయి ఉంటుంది. కార్లకు రంగులేసే షెడ్లలో పనివాళ్లు గొట్టంతో బయటి గాలి అందే మాస్కు పెట్టుకుని కొడతారు. అలాంటిదాన్ని పిల్లవాడి పడగ్గదిలో కిటికీ మూసి కొట్టమనడం ఏమిటి? ఒకే డబ్బాలో వచ్చే లాకర్ క్లియర్ వేసుకోమనండి. దానికీ గాలి ఆడే చోటు, ఆవిరిని పట్టే మాస్కు కావాలి. కానీ దాని ప్రమాదం వేరు, దీని ప్రమాదం వేరు. మా వాడు ఆ క్లియర్ డబ్బా కూడా కొనుక్కుని పెట్టెలోనే పెట్టుకొచ్చాడు. అదృష్టం, మూత తీయలేదు. అది ఇప్పుడు నా దగ్గరుంది.

చిన్న తప్పులు రెండు. 1/24, 1/25 ఒకటేనని రాశారు. 4.8 మీటర్ల కారు ఒకదాంట్లో 200 మి.మీ., ఇంకోదాంట్లో 192. బల్ల మీద పక్కపక్కన పెడితే తెలుస్తుంది. డీలర్ల షోరూముల కోసం బొమ్మలు చేస్తూ 1948లో మొదలైన అమెరికా కంపెనీ ఏఎంటీ 1/25 పట్టుకుంది, జపాన్‌లో తమియా లాంటివారు 1/24 పట్టుకున్నారు. ఇక కిట్లన్నీ ఫొటోలు చూసి గీసినవేనట! తమియా 1976లో 1/12 పోర్షే 934 తెచ్చే ముందు నిజం 911 ఒకటి కొని విప్పి చూసింది.

మీ వ్యాసకర్త రాయనిది ఒకటి చెప్పి ముగిస్తాను, ఎందుకంటే పూర్తయిన కారును చంపేది ఇదే. కొన్ని కిట్ల టైర్లు పీవీసీ అనే మెత్తటి ప్లాస్టిక్‌వి. వాటిని మెత్తగా ఉంచే నూనె ఏళ్ల తరబడి మెల్లగా బయటికి ఊరుతుంది, పాలిస్టైరీన్‌ను కరిగిస్తుంది. నా అయిదో కారును అలమరాలో ఆరేళ్లు ఉంచి ఒకరోజు దుమ్ము దులపబోతే ముందు చక్రం టైరుతో సహా జారి చేతిలోకొచ్చింది. రిమ్ము అంచు లడ్డూలా మెత్తబడి టైరుకు కరుచుకుని ఉంది. అప్పటినుంచి రిమ్ము చుట్టూ సన్నటి అల్యూమినియం రేకు ఒక చుట్టు చుట్టి టైరు ఎక్కిస్తున్నాను. బయటికి కనబడదు. కిట్ పెట్టె తెరవగానే టైర్లను వేరే కవర్లో వేయండి, అద్దాల పక్కన ఉంటే అద్దాల మీద కూడా టైరు ముద్ర పడుతుంది.

మా వాడి అద్దాన్ని ఊడదీసి 4000 నుంచి 12000 దాకా రుద్ది, పారదర్శకమైన అక్రిలిక్‌లో ముంచి, దుమ్ము పడకుండా గిన్నె బోర్లించాం. మళ్లీ గాజులా వచ్చింది. వెనక అద్దం మూలకు చెయ్యి పట్టలేదు, అక్కడ మసక అలాగే ఉంది. పెట్టెలో ఇంకా బిగించని హెడ్‌లైట్లున్నాయి, ఈ ఆదివారం వాటిని తెల్ల జిగురుతో బిగిస్తాం.

సవరణ వేస్తే కిటికీలు మూసి క్లియర్ కొట్టమన్న మాటను ముందు వేయండి. స్థలం లేకపోతే మిగతావి తర్వాతైనా పరవాలేదు.

భవదీయురాలు,
కట్టుడు పళ్ల ల్యాబ్‌లో రిటైరైన ఒక పాఠకురాలు